అడిగి నడిచిన బాట

మింగళ తౌంగ్‌న్యున్, యాంగోన్
9 జూన్ 2024

లింగరాజు మావయ్యకు,

అమ్మమ్మ ఆశీస్సులు ముందు, నా ఆరోపణలు తరువాత.

మీరు పంపిన పదకొండు ఫోటోలు అందాయి. పైకప్పు లేని మఠం, గడ్డి మొలిచిన కోట, ఎవరో ప్రభువు గారి భవనం గోడకు ఆనించిన మీ సైకిల్. ఒక్క ఫోటోలోనూ మీరు లేరు. అమ్మమ్మ కిటికీ వెలుతురులో ఒక్కొక్కటే చూసి, "ఏటే అమ్ములూ, ఆదివారం పూట ఇంటికాడ కూకుని నాలుగు మెతుకులు ఒండుకోక, ఈడికి ఆ పాడుగోడలెంట తిరుగుడేటి? గుడైతే దండమెట్టుకోవచ్చు, గోడకేటి ఎట్టుకుంతాడు?" అంది. ఆ ప్రశ్నకు ఇంతకంటే పదునైన రూపం ఇవ్వడం కష్టం. అయినా ప్రయత్నిస్తాను.

మొన్న శుక్రవారం మా కాలేజీ వాదసభలో తీర్మానం ఇది: 'పాలకుల కట్టడాలను చూడబోవడం పాలకులకు మొక్కడమే.' నేను సమర్థించాను. ఉదాహరణ కావలసి వచ్చి మిమ్మల్నే వాడుకున్నాను. "మా తాత ఈ ఊరి రేవులో వాళ్ల ఓడలకు బియ్యం బస్తాలు మోశాడు. ఆయన కొడుకు ఇంగ్లండులో వారమంతా బస్సుల షెడ్డులో ఇంజిన్లు విప్పి, సెలవు రోజున వాళ్ల గేట్ల ముందు సైకిల్ దిగి నిలబడుతున్నాడు. బస్తా దిగింది గాని నడుం నిటారు కాలేదు" అన్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలూ నా పక్షానే తీర్పిచ్చారు.

వెనక అన్నమాటను ముందు దాచడం నా పద్ధతి కాదు. జవాబుంటే ఇవ్వండి, లేకుంటే ఒప్పుకోండి. మీ షరతు ప్రకారం కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. ఫోన్లో టైపు చేసిన తెలుగు మీ కంటికి తెలుగులా ఆనదన్నారు కదా. తొమ్మిదింటికి కరెంటు పోతుంది కాబట్టి ఇప్పటికి ఇంతే.

వాదానికి సిద్ధంగా ఉన్న మీ మేనకోడలు,
జయశ్రీ

*

ష్రాప్‌షైర్
23 జూన్ 2024

అమ్ములూ,

నీ ఉత్తరం షెడ్డులో టీ వేళ చదువుకుని ఒక్కణ్ణే నవ్వుతుంటే మావాళ్లు ఏమైందని అడిగారు. మా మేనకోడలు నన్ను సభలో ఓడించిందని చెప్పాను. నువ్వు గెలిచినందుకు సంతోషం. నా పరువు పోయినా ఇంట్లోనే ఉంది.

ఒక్క సవరణ. ఆ భవనం లోపలికి నేను ఎన్నడూ పోలేదు. దాని పక్కనుంచి పోయే దారి కోసం పోతాను. ఈ దేశంలో పొలాల మధ్య నుంచీ, గొర్రెల మందల మధ్య నుంచీ, ఒక్కోసారి ఎవరి పెరటిలోనుంచో కూడా, జనం నడిచే కాలిబాటలు ఉంటాయి. భూమి ఒకరిది, నడక అందరిది. నా ఆదివారం ఎలా ఉంటుందో చెబుతాను. కాలువ గట్టు వెంట సైకిల్ మీద పదకొండు మైళ్లు. చర్చి దగ్గర సైకిల్ పెట్టి, ఒక మనిషి మాత్రమే పట్టే ఊగుడు గేటు దాటి, రెండు పొలాలు నడిస్తే పాత మఠం. అయిదు వందల ఏళ్ల కిందట రాజు సన్యాసుల్ని వెళ్లగొట్టాడు. దాని రాళ్లు మోసుకుపోయి నువ్వు తిట్టిన ఆ భవనం కట్టుకున్నారు. మఠం వెనక వాగు మీద గుర్రాల వంతెన ఉంది. గుర్రానికి రెండు పక్కలా వేలాడే మూటలు తగలకుండా దాని పిట్టగోడలు మోకాలెత్తునే కట్టారు. మొదటిసారి చూసినప్పుడు నాన్న గుర్తొచ్చాడు. బరువు మోసేవాడి కొలతతో కట్టిన వంతెన నాకు తెలిసి ఇదొక్కటే.

ఇప్పుడు అటు పోవడానికి లేదు. రెండేళ్ల కిందట, 2022 మార్చిలో, కొత్తగా పొలం కొన్నాయన గేటుకు తాళం వేశాడు. ఆ దారి ఏ పటంలోనూ లేదట. ఊరివాళ్లు దరఖాస్తు పెట్టారు. నవంబరులో ప్రభుత్వ విచారణాధికారి వచ్చి సాక్షులను వింటాడు. ఊరి సంఘం కార్యదర్శి జూడిత్ అనే ఆవిడ, రిటైరైన టీచరు, నన్ను మాట్లాడమంటోంది. 2002 నుంచి ఆ దారిన నడిచినట్టు చెప్పగలిగేది ఇప్పుడు నేనూ, తొంభై ఏళ్లు దాటిన ఇంకొక ఆవిడా మాత్రమే. ఆవిడకు మాట నిలకడ పోయింది. నేను మాత్రం రానన్నాను. నడిచిన వివరాల ఫారం అప్పుడే నింపి ఇచ్చాను, అది చాలు.

అమ్మను మెట్లు దిగనివ్వకు.

ఓడిపోయిన పక్షం,
మావయ్య

*

మింగళ తౌంగ్‌న్యున్
30 జూన్ 2024

మావయ్యకు,

ఇంతటి యుద్ధాన్ని గొర్రెల మందల నడుమ దాచిపెట్టి, అమ్మమ్మ మెట్ల ప్రస్తావనతో ముగించిన మనిషిని నేనింతవరకు చూడలేదు! భవనం గురించిన ఆరోపణను ఉపసంహరించుకుంటున్నాను. దాని స్థానంలో కొత్తది: మాట్లాడగలిగి మాట్లాడకపోవడం.

వారం రోజులుగా ఆ దేశపు చట్టం చదివాను. ఒక దారిన జనం ఇరవై ఏళ్లు ఆగకుండా నడిస్తే అది వాళ్ల హక్కవుతుంది. మూడే షరతులు. బలప్రయోగం చేసి నడవకూడదు, దొంగచాటుగా నడవకూడదు, యజమాని అనుమతితో నడవకూడదు. మూడోది అన్నిటికంటే అందమైనది. అనుమతి అడిగినవాడు, కాదనే అధికారం ఎదుటివాడికి ఉందని ఒప్పుకున్నట్టే. అడగకుండా, ఇది నాదే అన్నట్టు నడిచినవాడి అడుగులే చట్టమవుతాయి. మీరు కంచె విరిచే మనిషి కారు. దొంగచాటున తిరిగే మనిషీ కారు. ఇరవై ఏళ్లు పగటి వెలుగులో దర్జాగా నడిచారు. మీకంటే మేలైన సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

కనుక మీ ప్రసంగం నేనే రాశాను. నాలుగు పేజీలు, జతపరిచాను. మఠం రాళ్లతో మొదలై, మన రేవు మీదుగా పోయి, తాళంతో ముగుస్తుంది. రెండో పేజీలో 'భూమిని కొనవచ్చు, అడుగుజాడలను కొనలేరు' అన్నచోట ఆగి, విచారణాధికారి కళ్లలోకి చూడండి.

కాలేజీ సభకు కాదు, ఈ ఊరి చౌక్తడా కోర్టుకు తగిన పని అనిపించి, అక్కడ ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన మన చంద్రరావు తాతకు టీ కొట్టులో చూపించాను. కళ్లజోడు తుడుచుకుని నాలుగు పేజీలూ చదివి, "అమ్మీ, సాచ్చికి ఉపన్యాసం రాసీమని నీకెవులు సెప్పినారు? సాచ్చి ఎంత తక్కువ మాటాడితే అంత బలవఁ" అన్నాడు. పాతకాలపు మనిషి. పట్టించుకోకండి.

మీ తరఫు వకీలు,
జయశ్రీ

*

ష్రాప్‌షైర్
14 జూలై 2024

అమ్ములూ,

నాలుగు పేజీలూ అందాయి. చాలా బాగా రాశావు. నేను చదవలేను. నవంబరు సంగతి ఇక ఎత్తకు.

అమ్మ మోకాలికి మందు పట్టీలు పంపుతున్నాను, తెలిసినాయన ఒకడు వచ్చే నెల అటు వస్తున్నాడు.

మావయ్య

*

మింగళ తౌంగ్‌న్యున్
21 జూలై 2024

మావయ్య గారికి,

నాలుగు పేజీలకు నాలుగు వాక్యాల జవాబు, అందులో కారణం ఒక్కటీ లేదు. కారణం చెప్పని తిరస్కారాన్ని మా సభలో పరాజయంగా లెక్కిస్తాం.

కారణం నేనే ఊహించుకున్నాను. మొదటిది, యాంగోన్ పిల్ల రాసిన మాటలు ఇంగ్లీషు దొరల ముందు పలకడం మీకు నామోషీ. రెండోది, మీకు భయం. మొదటిదైతే క్షమిస్తాను, రెండోదైతే క్షమించలేను. మీకక్కడ ఆ దేశపు పౌరసత్వం ఉంది, ఓటుంది, ఇల్లుంది, చట్టం మీ పక్షాన ఉంది. ఇక్కడ మేము నోరు తెరిచే ముందు కిటికీ తలుపులు చూసుకుంటాం. నోరు తెరిచినా ఏమీ కాని చోట నోరు మూసుకునే విలాసం మీది. జూన్‌లో సభలో నేనన్న మాట ఉపసంహరించుకుని తొందరపడ్డాను. నడుం నిజంగానే నిటారు కాలేదు.

ఈ ఉత్తరం చదివి వినిపించమని అమ్మమ్మ పట్టుబట్టింది. వినిపించాను. "ఆడికి బయమా? బయమైతే మీ తాత ఒద్దన్నా ఓడెక్కీసినాడేటి? నువ్వొట్టి నోరే గాని ఆడి సంగతి నీకేటి తెలుసే" అని, నాతో మాట్లాడడం మానేసి పొద్దుటినుంచి పక్కింటివాళ్లతో మాట్లాడుతోంది. సంగతేమిటో మాత్రం చెప్పదు. తల్లీ కొడుకులు ఒకే బడిలో చదివినట్టున్నారు.

జవాబు కోరుతూ,
జయశ్రీ

*

ష్రాప్‌షైర్
18 ఆగస్టు 2024

అమ్ములూ,

నాలుగు వారాలు ఆలస్యం చేశాను. మూడుసార్లు రాసి చింపాను. నీ రెండు కారణాలూ తప్పు. అసలు కారణం చెబుతాను, నవ్వకు.

1983లో నాకు పన్నెండేళ్లు. పెగూలో ఉండే దుర్గాంబ అత్త, అంటే నాన్న చెల్లెలు, పోయిందని కబురొచ్చింది. మావి విదేశీయుల కార్డులు. పుట్టింది బర్మాలోనే అయినా కార్డు మాత్రం అదే. ఊరు దాటాలంటే ఆఫీసులో అనుమతి కాగితం రాయించుకోవాలి. ఆ రోజు సెలవు. నాన్న నన్ను తీసుకుని రైలెక్కేశాడు. దారిలో దింపేశారు. రెండు రోజులు స్టేషన్లో నేల మీద కూర్చోబెట్టారు. మమ్మల్ని వదిలేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. నాన్న నన్ను తిట్టలేదు, వాళ్లను తిట్టలేదు. తిరుగు రైల్లో ఒక్కటే మాటన్నాడు, "అడిగుండాల్సింది రా."

అప్పటినుంచి నేను అడక్కుండా ఎక్కడా కాలు పెట్టలేదు. నాన్న వద్దన్నా, ఆఫీసులో అడిగి కాగితం తీసుకునే ఓడెక్కాను. ఇక్కడికొచ్చాక బస్సులో ఖాళీ సీటులో కూర్చోవడానికి పక్కవాణ్ణి అడిగేవాణ్ణి. 2001 అక్టోబరులో ఆ ఊగుడు గేటు మొదటిసారి చూసినప్పుడు, ఎవరూ ఆపకపోయినా నా కాలు లోపలికి పడలేదు. పొలం యజమాని ఇల్లు వెతుక్కుంటూ పోయి తలుపు కొట్టాను. డెన్నిస్ వెబ్ అని ముసలాయన, రబ్బరు బూట్లతో వచ్చాడు. ఈ దారిన నడవచ్చా అని అడిగాను. నడవమన్నాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. నన్ను ఎగాదిగా చూసి, దాణా కొట్టు కవరు ఒకటి చింపి, దాని వెనక రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కోటు లోపలి జేబులో దాచుకుని ఇరవై ఏళ్లు నడిచాను. ఒక్కరూ చూపించమనలేదు. వెబ్ గారు పోయి పదిహేనేళ్లయింది.

నువ్వు దర్జాగా నడిచానన్నావు. నేను పర్మిట్ జేబులో పెట్టుకుని నడిచాను, అమ్ములూ. నీ అందమైన మూడో షరతు చదివాక అన్నం సయించలేదు. ఫారంలో ఆ ప్రశ్న ఉంది, 'ఎప్పుడైనా అనుమతి తీసుకున్నారా?' అని. ఖాళీగా వదిలేశాను. మరిచిపోయాననుకుని జూడిత్ ఏమీ అనలేదు. సాక్షిగా నిలబడితే అవతలి వకీలు మొదట అడిగేది అదే. అబద్ధమాడలేను. నిజం చెబితే నా నోటితోనే ఊరి దారి పోతుంది. అందుకని ఇంట్లో ఉంటాను.

నీ మాటలు నామోషీ కాదు. ఆ నాలుగు పేజీలూ దాచుకున్నాను.

మావయ్య

*

మింగళ తౌంగ్‌న్యున్
25 ఆగస్టు 2024

మావయ్యా,

వరుసగా చెబుతాను. లేకపోతే చెప్పలేను.

ఒకటి. శుక్రవారం సభలో లేచి నిలబడి, జూన్‌లో నేను వాడిన ఉదాహరణ తప్పని, దాని ఆధారంగా గెలిచిన గెలుపు నాకు అక్కర్లేదని చెప్పాను. అధ్యక్షుడు అలాంటి నియమం లేదన్నాడు. నియమం లేకపోతే రాసుకోమన్నాను.

రెండు. మీ ఉత్తరం అమ్మమ్మకు చదివాను. దుర్గాంబ పేరు వచ్చేసరికి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నలభై ఏళ్లు ఆ పేరు ఇంట్లో ఎవులూ ఎత్తనేదు. పిల్లోడు మరిసిపోయినాడనుకున్నాను" అంది. ఇప్పుడు నాతో మాట్లాడుతోంది.

మూడు. ఒప్పుకోవలసింది ఒకటుంది. మీ ఉత్తరం చదవగానే నేను రాయబోయిన సలహా, 'ఆ కాగితం సంగతి ఎవరికీ చెప్పకండి, ఖాళీని ఖాళీగానే ఉంచండి' అని. సగం రాశాను కూడా. రాసింది చదువుకుంటే అందులో ఇన్నేళ్లుగా మీరు మోస్తున్న బరువుకు ఇంకొంత కలపడం తప్ప ఏమీ కనిపించలేదు. కనుక నా అసలు సలహా ఇది: వెళ్లండి, నిలబడండి, అడిగానని చెప్పండి. దారి పోతే పోతుంది. మీరు ఒక్కరు అనుమతి తీసుకున్నంత మాత్రాన మిగతావాళ్ల నడక చెల్లకుండా పోదని చట్టంలోనే ఉంది. వాళ్ల అడుగులు ఎంత దూరం లాగితే అంత దూరం లాగనివ్వండి.

నాలుగు. చంద్రరావు తాతను మళ్లీ కలిశాను. అంతా విని నన్ను అడిగాడు, "ఆ కాయితంలో ఏటి రాసుంది?" తెలియదన్నాను. టీ కప్పు కింద పెట్టి, "కాయితం సూడకుండా కేసు పోయిందని ఏడిసేవోణ్ణి ముప్పై ఏళ్లలో రోజుకొకణ్ణి సూసినాను. ఈయాల ఇద్దర్ని సూస్తన్నాను" అన్నాడు.

సిగ్గుపడి అడుగుతున్నాను. రెండు పేజీల నిండా రాశారు, కాగితంలో ఏముందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఏముంది?

తలవంచి,
అమ్ములు

*

ష్రాప్‌షైర్
1 సెప్టెంబర్ 2024

అమ్ములూ,

పొడుగేమీ లేదు, మూడు ముక్కలు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాస్తున్నాను:

"రాజు గారు ఈ సంగతి నన్నెందుకు అడుగుతున్నారో నాకు తెలియడం లేదు. మా తాత కాలం నుంచీ జనం ఈ దారినే మఠానికి పోతున్నారు. ఆపడానికి నేనెవణ్ణి? డి. వెబ్, 14 అక్టోబర్ 2001."

సంతకం చాలా స్పష్టంగా ఉంది. అదే కదా చిక్కు.

మావయ్య

*

మింగళ తౌంగ్‌న్యున్
2 సెప్టెంబర్ 2024

మావయ్యా!

చిక్కా! దాన్ని మళ్లీ చదవండి. సంతకం మీద బొటనవేలు పెట్టి, పైన ఉన్న మాటలు మాత్రం చదవండి. ఇరవై మూడేళ్లు మీరు చదివింది సంతకం ఒక్కటే.

సరేనని ఆయన అనలేదు. కాదనే అధికారం తనకు లేదన్నాడు! తన పొలం గురించి, తనకు నష్టం కలిగే విషయంలో, స్వహస్తాలతో, తేదీ వేసి! ఆ దారి తన తాత కాలం నుంచి అందరిదని యజమానే ఒప్పుకున్న కాగితం ఆ దేశంలో ఇంకొకటి ఎవరి దగ్గరుంటుంది? ఇంగ్లీషువాళ్లు ఎవరూ అడిగి ఉండరు. హక్కున్నవాడికి అడగాలన్న ఆలోచనే రాదు. అడిగింది మీరొక్కరే, అందుకే రాసి ఇచ్చింది మీకొక్కరికే.

ఇవాళే జూడిత్ గారికి ఇవ్వండి. ఖాళీ వదిలిన ప్రశ్న సంగతీ చెప్పండి, ముందు అదే చెప్పండి. నా నాలుగు పేజీలు ఇంట్లో వదిలి వెళ్లండి. అడుగుజాడల వాక్యం ఒక్కటైనా చెప్పమని ప్రాధేయపడాలనుంది, గాని చంద్రరావు తాత కళ్లెర్రజేస్తున్నాడు.

అమ్ములు

*

ష్రాప్‌షైర్
17 నవంబర్ 2024

అమ్ములూ,

విచారణ బుధవారం, చర్చి పక్క హాల్లో జరిగింది. నలభై మంది వచ్చారు.

అవతలి వకీలు మర్యాదస్తురాలు. నేను కూర్చోగానే అడిగింది, "మిస్టర్ రాజు, మీరు ఈ దారికి అనుమతి అడిగారా?"

"అడిగాను."

జవాబు ఇలా నేరుగా వస్తుందని ఆవిడ అనుకోలేదు కాబోలు, కాగితాలు తిరగేసింది. "ఎందుకు అడిగారు?" అంది.

"మా నాన్న ఒకసారి అడగలేదండీ" అన్నాను. అంతకంటే చెప్పబుద్ధి కాలేదు, ఆవిడా అడగలేదు. విచారణాధికారి మాత్రం కలం ఆపి నా వైపు చూశాడు. "ఆ పొలం యజమాని ఏమన్నారు?" అని అడిగాడు. అప్పుడు జూడిత్ కవరు తీసి ఇచ్చింది. ఆయన పైకి చదివాడు. 'ఆపడానికి నేనెవణ్ణి' దగ్గర వెనక వరసలో ఒక ముసలాయన పెద్దగా నవ్వి, "అది డెన్నిస్ మాటే" అన్నాడు. వెబ్ గారి తమ్ముడి కొడుకట. చేతిరాత ఆయనదేనని గుర్తుపట్టాడు.

నేను మాట్లాడింది మొత్తం ఆరు నిమిషాలు. చంద్రరావు గారికి చెప్పు. తీర్పు చలికాలం పోయేలోగా వస్తుందన్నారు.

నీ అడుగుజాడల వాక్యం చెప్పలేదు. టీ తాగేటప్పుడు జూడిత్‌కు చెప్పాను. రాసుకుంది.

నీ సాక్షి,
మావయ్య

*

ష్రాప్‌షైర్
23 ఫిబ్రవరి 2025

అమ్ములూ,

తీర్పు వచ్చింది. దారి ఇక పటంలోకి ఎక్కుతుంది. నా నడకను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అనుమతి అడిగినవాడి నడక కాబట్టి పక్కన పెట్టామని రాశారు. దారి నిలిచింది వెబ్ గారి మాట మీదా, మిగతావాళ్ల నడక మీదా. నాకు ఆ లెక్క నచ్చింది.

ఈ ఉదయం వెళ్లాను. తాళం తీసేశారు. గేటు అవతల కొత్త యజమాని కుక్కను పట్టుకుని నిలబడి ఉన్నాడు. విచారణలో నాకు ఎదురుగా కూర్చున్న మనిషే. గేటు మీద చెయ్యి వేశాను. నలభై ఏళ్లు దాటిన అలవాటు కదా, 'నడవచ్చా' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆయన కూడా దానికోసమే చూస్తున్నట్టనిపించింది.

"ఇవాళ గాలి చలిగా ఉంది" అన్నాను.

"ఉంది" అన్నాడు, కుక్కను దగ్గరికి లాక్కున్నాడు.

గేటు తోసుకుని నడిచాను.

లింగరాజు మావయ్య